చౌక దీపానికి గంటల లెక్క

సింగరేణి కార్మికులకు దీపావళి బోనస్ పడ్డాక బొగ్గుగనుల ఊరు గోదావరిఖనిలోని లక్ష్మీనగర్ బజారులో ప్రమిదల పక్కనే రెపరెపలాడే ఎల్‌ఈడీ కొవ్వొత్తులూ కనబడతాయి. గాలికి ఆరవు, చీర కొంగుకు అంటుకోవు, క్వార్టర్ గోడకు మసి పట్టనివ్వవు. కొనేవాళ్లను తప్పుపట్టలేం, తప్పంతా తయారీలోనే ఉంది. అడుగున కాగితమంత పలుచటి ప్లాస్టిక్ పట్టీ లాగితే లోపలి బటన్ సెల్ పనిలోకి దిగుతుంది. కొన్ని రాత్రులకే వెలుగు నీరసిస్తుంది. కొత్త సెల్ వేద్దామంటే దాదాపు ఆ డబ్బుకే ఇంకో కొవ్వొత్తి వస్తుంది కనుక పాతది చెత్తబుట్టకు పోతుంది. దీన్ని చౌక అంటే నేను ఒప్పుకోను. రూపాయికి ఎన్ని గంటలు వెలిగిందో చూస్తేనే దీపం ఖరీదు తేలుతుంది.

ఆ లెక్క చూద్దాం. రెపరెప కోసం వేరే సర్క్యూట్ అక్కర్లేదు. ఎల్‌ఈడీ లోపలే ఉన్న చిన్న చిప్ సెకనుకు పది పదిహేనుసార్లు వెలుగును పెంచి తగ్గిస్తుంది. అసలు మంట ఎక్కువసేపు నిండుగా వెలిగి, అప్పుడప్పుడే ఒదుగుతుంది. ఆ తీరును పట్టుకున్న చిప్పే కంటిని నమ్మిస్తుంది. సగటున 4 మిల్లీ ఆంపియర్లు లాగుతుందనుకుంటే, సుమారు 220 మిల్లీ ఆంపియర్-గంటల సీఆర్2032 బటన్ సెల్ కాగితం మీద 55 గంటలు నడవాలి. కానీ ఆ 220 చాలా కొద్ది కరెంటు లాగినప్పటి లెక్క, ఇక్కడ అంతా రాదు. రెండు పెన్సిల్ ఆల్కలైన్ సెల్లను వరసగా కలిపినా అవే 3 వోల్టులు. సామర్థ్యం మాత్రం 2,000 పైమాటే, అంటే దాదాపు 500 గంటలు. కార్తీకమాసం 30 రోజులూ రోజుకు నాలుగు గంటలు వెలిగించినా 120 గంటలే అవుతుంది. మార్చాల్సింది సెల్లు పెట్టే గూడు, చేర్చాల్సింది ఒక రెసిస్టర్. బటన్ సెల్‌లోనే నిరోధం ఎక్కువ కాబట్టి చౌక తయారీదారు రెసిస్టర్‌ను ఎగ్గొడతాడు, పెన్సిల్ సెల్లతో ఆ పని కూడదు. తెల్ల ఎల్‌ఈడీ దాదాపు 3 వోల్టులు అడుగుతుంది, నారింజ-పసుపు రంగుది 2 దగ్గరే వెలుగుతుంది. దాని రంగు మంటకు దగ్గరగా ఉంటుంది, సెల్ చివరిదాకా పనికొస్తుంది.

ధర పెరుగుతుంది కదా అంటారు. పెరుగుతుంది, కొన్ని రూపాయలు. పర్మినెంట్ కార్మికుడితో సమానంగా బోనస్ అందని కాంట్రాక్ట్ కార్మికుడి ఇంట్లో ఆ తేడా కూడా తేడాయే. అయితే పెన్సిల్ సెల్లు చాలా ఇళ్లలో గోడగడియారంలో ఉండేవే. పండగకు దీపంలో వేసినవి తర్వాత గడియారంలోకి పోతాయి. పైగా బటన్ సెల్ పసిపిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. అమెరికా 2022లో వీటి మీద ప్రత్యేకంగా చట్టమే చేసింది. నేల మీద వరసగా పెట్టే వస్తువులో, పిల్లల చేతికి అందే ఎత్తులో, స్క్రూ కూడా లేని మూత కింద దాన్ని ఉంచడం ఎంతమాత్రం సబబు కాదు.

నూనె దీపానికి ఎల్‌ఈడీ దీపం సాటి కాదన్న మాటను కాదనను. దేవుడి దగ్గర నూనె దీపమే ఉండనీ. మెట్లకూ కిటికీలకూ వాడే ఎల్‌ఈడీ దీపాన్ని కుమ్మరి చేసిన ప్రమిదలోనే అమరిస్తే ఆయన చేతి పనీ పోదు.

దీపాన్ని ధరతో కాక వెలిగే గంటలతో కొలవాలని బొగ్గుబాయి ఊరికి కొత్తగా చెప్పనక్కర్లేదు. 1815లో డేవీ భద్రతా దీపం పుట్టినప్పటి నుంచీ గనిలో దీపానికి నమ్మకమే కొలత. షిఫ్ట్ దిగగానే క్యాప్ ల్యాంప్ ల్యాంప్ రూమ్‌కు చేరి, ఛార్జింగ్‌కు ఎక్కి, మరో షిఫ్ట్‌కు తయారవుతుంది. అలా బ్యాటరీ తిరిగొచ్చే పద్ధతి పండగ దీపానికీ కావాలి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వాడేసిన సెల్లను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారు మీదే పెట్టాయి, దుకాణం ముందు మాత్రం అందుకు ఒక డబ్బా ఉండాలి. కార్మిక కుటుంబాల మహిళలకు వృత్తి శిక్షణ ఇస్తున్న సింగరేణి సేవా సమితి ఈ ప్రమిద దీపాన్ని కూడా నేర్పవచ్చు. ఎల్‌ఈడీ, రెసిస్టర్, సెల్ గూడు అతకడం కొద్దిరోజుల్లో పట్టుబడే పని. పెట్టె మీద ధర పక్కనే ఎన్ని గంటలు వెలుగుతుందో అచ్చువేయడం వాళ్లే మొదలుపెట్టవచ్చు.