వరంగల్ వచ్చినవాళ్లను కొత్తవాడకూ తీసుకెళ్లండి

సూరత్ దగ్గర పల్సానాలో నేను పనిచేసే డైయింగ్ మిల్లులో పటోలా డిజైన్ చీరలు ఎప్పుడూ ఏదో ఒక మిషన్ మీద ఉంటాయి. ఏనుగులు, చిలకలు, గళ్లు, అన్నీ పాలిస్టర్ మీద ప్రింటే. మా నాన్న వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేశారు. నేను సూరత్ వచ్చి గుడ్డకు రంగులద్దే పనిలో పడ్డాను. అసలు పటోలా నేసే ఊరు పాటన్ ఇదే గుజరాత్‌లో ఉంది. అయినా సెలవు దొరికితే ఇక్కడి మా తెలుగువాళ్లం షిర్డీకో సోమనాథ్‌కో పోతాం తప్ప అటు తొంగిచూడం. మొన్న నేను రాత్రి బండికి అహ్మదాబాద్ చేరి, తెల్లారి బస్సెక్కి పాటన్ వెళ్లాను. ఆ ఊరు చూశాక మా వరంగల్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలనిపించింది.

పాటన్ ఒకప్పుడు సోలంకీ రాజుల రాజధాని. ఇక్కడ కుమారపాలుడు ఏలుతున్న కాలంలోనే, 1163లో, మన కాకతీయ రుద్రదేవుడు హనుమకొండలో వేయి స్తంభాల గుడి కట్టించాడు. పాత ఊళ్లో ఏ సందులోకి తిరిగినా ఒక జైన ఆలయం ఎదురవుతుంది. ఊరి అంచున రాణీ కీ వావ్ ఉంది. మన వంద నోటు వెనక కనిపించే మెట్లబావి అదే. భర్త భీమదేవుడు పోయాక ఆయన జ్ఞాపకంగా రాణి ఉదయమతి కట్టించిందని చెబుతారు. పొడవు 64 మీటర్లు, లోతు 27 మీటర్లు. గుడికి మెట్లెక్కి పోవడం మనకు అలవాటు, ఇక్కడ దేవుడి కోసం కిందికి దిగాలి. అంతస్తు అంతస్తుకూ గోడల నిండా విష్ణుమూర్తి అవతారాలు, అప్సరసలు, అన్నిటికీ అడుగున నీటి దగ్గర శేషశాయి. సరస్వతి నది వరదల మట్టి ఈ బావిని పూడ్చేసింది. ఆ మట్టే శతాబ్దాలపాటు ఈ శిల్పాలను కాపాడింది. పురావస్తు శాఖ తవ్వి తీశాక, 2014లో యునెస్కో గుర్తింపు వచ్చింది. నేను ఎక్కువసేపు నిలబడిపోయింది దేవుళ్ల ముందు కాదు, ఒక గోడ మీది గళ్ల చెక్కడం ముందు. అది అచ్చం పటోలా నమూనాలా ఉంది.

అక్కడి నుంచి ఆటోలో పటోలా నేసే సాల్వీల ఇంటికి వెళ్లవచ్చు. వావ్ చూసినవాళ్లు చాలామంది అటే వస్తున్నారు. వాళ్ల మగ్గం ఒక పక్కకు వాలి ఉంటుంది, ఇద్దరు కూర్చుని నేస్తారు. పడుగుకూ పేకకూ రెండింటికీ ముందే ముడులు కట్టి, రంగుల్లో ముంచి, నేసేటప్పుడు ఎరుపు మీదికి ఎరుపు వచ్చేలా సూదితో పోగులు సవరిస్తారు. పుట్టపాకలో మనవాళ్లు చిటికి కట్టి చేసేదీ ఇలాంటి పనే. ఒక్క చీరకు నెలలు పడతాయి, ధర లక్షల్లో ఉంటుంది. మిల్లులో గంటల్లో దిగిపోయే డిజైన్ వెనక ఇంత పని ఉందని తెలిశాక చాలాసేపు నోట మాట రాలేదు. నా పక్కన నిలబడి చూసినవాళ్లెవరూ బేరమాడలేదు, ఎలా చేస్తారనే అడిగారు.

గుడీ మగ్గమూ పక్కపక్కన ఉండే ఊరు పాటన్ ఒక్కటే కాదు. జపాన్‌లో గుళ్లకు పేరుపడ్డ క్యోటోలోనూ నిషిజిన్ అనే నేతపేట ఉంది. 15వ శతాబ్దంలో ఓనిన్ యుద్ధానికి చెదిరిపోయిన నేతగాళ్లు తిరిగొచ్చి నిలబెట్టిన పేట అది.

మరి మా ఊరి సంగతి? భద్రకాళి, వేయి స్తంభాల గుడి, కోటలో తోరణాలు, ఊరికి దూరంగా 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్ప... బస్సులకు బస్సులు జనం వస్తారు. కొత్తవాడ ఉన్నదీ వరంగల్ నగరంలోనే. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపూ వచ్చింది. కానీ గుళ్లు చూసి తిరిగెళ్లేవారిలో ఆ మగ్గాల చప్పుడు విన్నవాళ్లు ఎందరు? మా ఈడువాళ్లు సూరత్, భివండి, షోలాపూర్ దారి పట్టారు. మమ్మల్ని వెనక్కి రప్పించాలని 2017లో కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన చేశారు. మంచిదే, మిల్లులు కావాలి. కానీ మిల్లుతో తిరిగొచ్చేది పల్సానాలో నేను చేస్తున్న పనే. మా నాన్న పని తిరిగిరావాలంటే, దాన్ని దగ్గర నిలబడి చూసి కొనే మనిషి కావాలి.

నేతగాళ్ల ఇళ్లు ఇరుకు, జనం వస్తే వాళ్లకు ఇబ్బంది అంటారు. నిజమే. మగ్గం ఆపి చూపిస్తే ఆ పూట కూలి కూడా పోతుంది. అందుకే ఆ కూలి పర్యాటక శాఖ కట్టాలి, యాత్రికుడి టికెట్‌లోనే అది కలపాలి. కొత్తవాడలో రెండు మూడు మగ్గాలు పట్టే షెడ్డు వేసి, వంతులవారీగా నేతగాళ్లను కూర్చోబెట్టాలి. రామప్ప నుంచి తిరిగొచ్చే ప్రతి పర్యాటక బస్సూ అక్కడ గంటసేపు ఆగాలి. జంపఖానా మీద ధరతో పాటు నేసినవారి పేరు, పట్టిన రోజులు కూడా రాసి ఉండాలి.