బర్సబ్బాకు చీటి రాలేదు



గత నెల ఒక ఆదివారం ఆరాధన ముగిశాక, మా సంఘంలో ఇంటర్ చదివే ఒక తమ్ముడు ఇంటికి వెళ్ళకుండా మందిరం మెట్ల మీదే కూర్చుండిపోయాడు. అందరూ వెళ్ళాక దగ్గరికొచ్చి, "అయ్యగారూ, దేవుడు నా ప్రార్థన వినడా?" అన్నాడు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. సంగతి అది కాదు. యూట్యూబ్‌లో ఒక ఛానెల్ వాళ్ళు కొత్త ఫోన్ గివ్‌అవే పెట్టారు. సబ్‌స్క్రైబ్ చేసి, గంట గుర్తు నొక్కి, ముగ్గురు స్నేహితులకు షేర్ చేసి, కామెంట్ పెట్టాలి. ఇతను అన్నీ చేశాడు. దానికోసం మూడు శుక్రవారాలు ఉపవాసం కూడా ఉన్నాడు. లైవ్‌లో ఇంకెవరి పేరో వచ్చింది.

నాకు నవ్వు రాబోయింది గానీ ఆపుకున్నాను. నా కథ నాకు తెలుసు కదా. రెండేళ్ళ క్రితం ఒక పేజీలో కీబోర్డు బహుమతి అని చూసి, మా మందిరంలో ఉన్నదానిలో రెండు కీలు మోగవు కాబట్టి, నేనూ ఫారం నింపాను. ఫలితం వచ్చే రాత్రి నా భార్య నిద్రపోయాక దుప్పటిలో ఫోన్ పెట్టుకుని చూశాను. రాలేదు. మరుసటి ఉదయం ప్రార్థనలో నోరు పెగలలేదు. సేవకుడిని, సేవ కోసమే కదా అడిగాను అని లోపల ఒక సణుగుడు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఎలా అంటాం? అకాల వర్షానికి కల్లంలో మిరప తడిసి ఏడ్చే రైతు మన ముందు వరుసలో కూర్చుంటాడు. అతని ఎదుట గివ్‌అవే పోయిందని చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. చెప్పుకోకపోవడం వల్లే అది లోపల ఉండిపోయి దేవుని మీద నేరంగా మారుతుంది.

ఆ తమ్ముడితో అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయం గురించి మాట్లాడాను. యూదా స్థానంలో ఒకరిని పెట్టాలని ఇద్దరిని నిలబెట్టారు. యోహాను బాప్తిస్మం నాటినుండి ప్రభువు ఆరోహణం వరకు వెంట ఉన్నవారే ఇద్దరూ. ప్రార్థన చేశారు, చీట్లు వేశారు, మత్తీయ పేరు వచ్చింది. మనం మత్తీయను తలుచుకుంటాం. రెండోవాడు బర్సబ్బా అనబడిన యోసేపు, యూస్తు అని మారుపేరు. (15వ అధ్యాయంలో కనబడే బర్సబ్బా వేరు, అతని పేరు యూదా.) ఆ ప్రార్థన చేసింది సాక్షాత్తు అపొస్తలులు. అయినా ఇతనికి చీటి రాలేదు. ఇతనిలో తప్పుందని గానీ, విశ్వాసం తక్కువని గానీ ఒక్క మాట లేదు. ఆ తర్వాత ఇతని పేరు రాదు. విచిత్రమేమిటంటే మత్తీయ పేరు కూడా రాదు.

చీట్లు ఇంకోచోట కూడా వేశారు, సిలువ కింద. కుట్టులేని ఆ అంగీ ఒక సైనికుడికి దక్కే ఉంటుంది. పైన ప్రభువు ప్రాణం పోతుంటే, ఆరోజు గెలిచినవాడు అతనే.

అందుకే మన కూటాల్లో "ప్రార్థన చేశాను, లక్కీ డ్రాలో బండి వచ్చింది" అనే సాక్ష్యాలకు మైకు ఇవ్వకూడదని నా అభిప్రాయం. ఒకప్పుడు నేనే ఇచ్చి, చప్పట్లు కొట్టించాను. రానివాళ్ళు అదే కూటంలో వెనక కూర్చుని ఏమనుకుంటారో ఆలోచించలేదు. ఆ తమ్ముడు అలాంటి సాక్ష్యం ఒకటి విన్నాకే ఉపవాసం మొదలుపెట్టాడట.

ఇద్దరం కలిసి ఆ వీడియో చూశాం. కామెంట్లు 38 వేలు. మా ఊళ్ళో ఓటర్లు సుమారు 2 వేలు. అంటే ఇలాంటి ఊళ్ళు 19 కలిపితే ఒక్క పేరు. "మరి మోసమా అయ్యగారూ?" అన్నాడు. మోసం కానక్కర్లేదు, నిజంగా ఇచ్చేవాళ్ళూ ఉంటారు. కాకపోతే ఒక ఫోన్ ఖరీదుకు వాళ్ళకు అంతమంది దొరుకుతారు. అది వాళ్ళ ప్రకటన ఖర్చు.

అసలు ప్రమాదం తర్వాత బయటపడింది. రెండు రోజులకు వాట్సాప్‌లో ఎవరో మెసేజ్ పెట్టారట. "మీకు రెండో బహుమతి వచ్చింది, కొరియర్ ఖర్చు 1,499 పంపండి" అని. అమ్మ మిరప కోతల కూలి డబ్బులు అడుగుదామనుకుంటున్నాడు. ఆశ తెగినవాడి దగ్గరికే ఇలాంటివాళ్ళు వస్తారు. తల్లిదండ్రులారా, కొరియర్ అని, ప్రాసెసింగ్ అని డబ్బులు గానీ, ఓటీపీ గానీ అడిగితే అది బహుమతి కాదు. పొరపాటున పంపితే తిట్లు తర్వాత, ముందు వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైతే డబ్బు చేతులు మారిపోతుంది.

తర్వాత వాక్యం పక్కన పెట్టి, "ఎంత ఆశపడ్డావో చెప్పు" అన్నాను. ఫోన్ రంగుతో సహా చెప్పాడు. అక్కకూ తనకూ కలిపి ఒకటే ఫోన్, తెర పగిలింది, సాయంత్రం అక్క నర్సింగ్ పాఠాలు చూసుకుంటే తనకు ఈఏపీసెట్ క్లాసులు ఉండవు. ఆ కామెంట్ కూడా చూపించాడు. "అన్నా ప్లీజ్, నాకు చాలా అవసరం" అని రాశాడు.

అది చదివాక నాకు నోట మాట రాలేదు. తన అవసరాన్ని 38 వేలమంది ముక్కూమొహం తెలియనివాళ్ళ మధ్య రాసుకున్నాడు. ప్రతి బుధవారం ఉపవాస కూటంలో ప్రార్థనాంశాలు చెప్పమని నేను అడుగుతూనే ఉంటాను. అరవైమంది ఉన్న సంఘంలో ఈ సంగతి ఒక్కరికీ తెలియదు. అడిగే తీరు నాదే సరిగా లేదేమో. జబ్బులు, అప్పులు, పెళ్ళిళ్ళు చెప్పుకుంటాం. పిల్లల ఫోను సంగతి చెబితే పెద్దలు గదమాయిస్తారని వాళ్ళకు తెలుసు.

ఒక సంఘపెద్ద ఇంట్లో కొడుకు మార్చి పక్కన పడేసిన ఫోన్ ఉందట, బ్యాటరీ వేయించాలి. ఈ శనివారం టౌనుకు వెళ్ళినప్పుడు షాపులో అడుగుతాను. తమ్ముడు నిన్న కనబడి ఇంకో గివ్‌అవేకి కామెంట్ పెట్టానని చెప్పాడు. ఈసారి ఉపవాసం లేదట, మధ్యాహ్నం భోంచేసే పెట్టాడట.