గృహిణీ గోష్ఠి: బెదురు

సాయంకాలము పసుల మంద యిల్లు చేరుచుండగా నొక యావు దేనినో చూచి బెదరును. అది చూచినదేమో తక్కినవానికి దెలియదు. అయినను మందయంతయు తోకలెత్తి పరుగిడును. కాపరి యడ్డుపడి కేకలు వేసినచో నా కేకలకే మఱికొన్ని బెదరును. మనుష్యులకును నిట్టి బెదురు కలదు. ఒకప్పుడది యూరికంతకు పట్టును. ఒకప్పుడొక్క మనిషి గుండెలో బుట్టి యచ్చటనే పెరుగును. సోదరీమణులారా, ఈ మాసము మన గోష్ఠిలో నీ రెంటిని గూర్చియు ముచ్చటింతము.

జపాను దేశమున తొయోకావ యను పట్టణము కలదు. 1973వ సంవత్సరము డిసెంబరు 8వ తేదీన నా ప్రాంతపు రైలులో ముగ్గురు పాఠశాల బాలికలు ప్రయాణము చేయుచుండిరి. అందొకతెకు తొయోకావ షింకిన్ అను పరపతి బ్యాంకులో నుద్యోగము దొరకినది. తక్కిన యిద్దరు నామెను మేలమాడుచు, బ్యాంకు ప్రమాదకరమైన చోటని యనిరి. వారి తలపులో నున్నది దొంగల భయము. ఆ బాలిక యా రాత్రి తాను బస చేయుచున్న బంధువు నడిగెను: బ్యాంకు ప్రమాదకరమా యని. ఆ బంధువు, బ్యాంకు ప్రధాన కార్యాలయము దగ్గఱ నివసించు మఱియొక బంధువు నడిగెను: ఆ బ్యాంకు ప్రమాదములో నున్నదా యని. చూచితిరా, మాట యెంత కొంచెము జరిగినదో! అచ్చటినుండి యది కేశాలంకరణశాల యజమానురాలి చెవిని బడినది. ఆమె తన బంధువుతో జెప్పుచుండగా బట్టలుతుకు దుకాణము యజమాని వినెను. అతడు భార్యకు జెప్పెను.

13వ తేదీన నా దుకాణమునకు వచ్చిన యొకడు టెలిఫోను అడిగి పుచ్చుకొని, ఆ బ్యాంకునుండి 12 లక్షల యెన్లు తీయుమని యెవరికో చెప్పెను. అది యాతని వ్యాపారమునకు గావలసిన సొమ్ము. పుకారు సంగతి యతడెఱుగడు. కాని దుకాణము యజమాని భార్యకు మాత్రము సందేహము తీఱిపోయినది. ఆమె వెంటనే పోయి తమ 18 లక్షల యెన్లును తీసికొని, తెలిసినవారికెల్ల జెప్పెను. అంతకు గొన్ని యేండ్ల క్రిందట పొరుగూర నొక ధనసంస్థ దివాలా తీయగా నష్టపడినవారిలో నా దుకాణమువా రొకరు. నూనె సంక్షోభముచే ధరలు పెరిగి, కాగితపు చుట్టలకు సయితము జనము అంగళ్లమీద విఱుచుకొనిపడిన కాలమది. ఆ దినముననే 59 మంది యొక్క శాఖనుండి సుమారు 5 కోట్ల యెన్లు తీసికొనిరి. టాక్సీ నడుపు నొకతడు తరువాత జెప్పిన దేమనగా, మధ్యాహ్న మెక్కినవారు బ్యాంకు ప్రమాదములో నున్నదేమో యనిరి. సాయంకాలము ప్రమాదములో నున్నదనిరి. చీకటిపడునప్పటికి మఱునాడు తలుపులే తెఱవరనిరి.

బ్యాంకువారు భయము లేదని ప్రకటించిన ప్రకటనకు జనము వేఱర్థములు దీసిరి. తుదకు దేశపు కేంద్ర బ్యాంకు అండనిలువగా, నోట్లకట్టలు దెప్పించి, ఖజానా ముందఱ నందఱకు గనబడునట్లు మీటరెత్తున, అయిదు మీటర్ల వెడల్పున బేర్చిరి. అప్పుడు గాని వరుసలు పలుచబడలేదు. పోలీసువారు విచారించి 16వ తేదీన పుకారు నడచిన దారినంతయు బయటపెట్టిరి. అందు దుర్బుద్ధితో కల్లలాడినవా రొక్కరును లేరు.

ఈ కథ విన్న మగవారు కొందఱు ఆడుదాని నోట నువ్వుగింజ నానదని సామెత జెప్పక మానరు. 1866లో లండను నగరమున ఓవరెండ్ గర్నీ సంస్థ మూతపడినపుడు వీథులలో గ్రిక్కిఱిసినవారు వ్యాపారములలో నారితేఱిన పురుషులే యని వారికి మనము జ్ఞాపకము చేయవచ్చును.

నిజమునకు వరుసలో నిలిచినవారు తెలివితక్కువవారు కారు. మనము దాచిన సొమ్ము బ్యాంకు పెట్టెలో నట్లే యుండదు. అందు బెద్దభాగము ఋణములుగా బోవును. ఎంత చక్కని బ్యాంకైనను ఒక్కదినమున నందఱికి నీయజాలదు. కావున ముందు నిలిచినవానికి సొమ్ము దక్కును, వెనుకబడినవానికి దక్కకపోవచ్చును. పుకారు అబద్ధమని యెఱిగినవాడును, తక్కినవారు నమ్ముదురని తోచినచో పరుగెత్తుటయే మేలు. ఈ చిక్కును 1983లో డైమండు, డిబ్‌విగ్ అను నిద్దఱు పండితులు గణితముతో విప్పిచెప్పి, 2022లో నోబెలు బహుమాన మందిరి.

బెదురెల్లప్పుడు వట్టిదియు గాదు. చెన్నపట్టణమున 1906 అక్టోబరులో అర్బత్‌నాట్ కంపెనీ నిజముగానే కూలినది. దానిని నమ్మినవా రెందఱో నష్టపడిరి. కేరళమున పాలాయి సెంట్రలు బ్యాంకు 1960లో మూతపడిన పిమ్మట ప్రభుత్వమువారు మేల్కొని, 1962 జనవరినుండి డిపాజిట్లకు భీమా యేర్పఱచిరి. మొదట నొక్కొకరికి 1,500 రూపాయలవఱకే; 1993లో నది లక్ష యయ్యెను; 2020 ఫిబ్రవరిలో 5 లక్షలకు బెంచిరి. ఇందు అసలును వడ్డీయు గలిసియున్నవి. ఒకే బ్యాంకులో నొకే పేర నాలుగు శాఖలలో దాచినను అన్నియు గలిపి యొక్కటియే లెక్క. చీటీలు నడుపువారికిని, అధిక వడ్డీ నాశజూపు ప్రయివేటు కంపెనీలకును నీ భీమా వర్తింపదు. మన యిండ్లలోని సొమ్ము చాలవఱకు పోవుచున్నది అచ్చటనే గదా!

ఇక గుండెలోని బెదురు. మేడమెట్లెక్కినపుడో, కాఫీ త్రాగినపుడో, ఏ కారణము లేకయో గుండె వేగముగా గొట్టుకొనును. మనస్సు దానిని పుకారువలె నందుకొని, ప్రాణము పోవుచున్నదని తలచును. ఆ భయముచే గుండె మఱింత కొట్టుకొనును, అదియే సాక్ష్యమగును. ఊపిరి వేగముగా దీయుటచే రక్తమున బొగ్గుపులుసు వాయువు తగ్గి, చేతులు తిమ్మిరెక్కును, తల తిరుగును. చాలమందికి పదినిమిషములలో నిది యుచ్చస్థితికి వచ్చి, పిమ్మట దానంతట దిగును. మనోవైద్యులు దీనిని పానిక్ జబ్బని వ్యవహరింతురు. పురుషులకంటె స్త్రీలలో నిది యించుమించు రెట్టింపు. అయినను మన యిండ్లలో దీనికి గాలి సోకినదనియో, పని యెగవేయుటకు నటన యనియో పేళ్లు పెట్టుచున్నాము. ఆ మాటలు పడలేక, మరల వచ్చునేమో యను దిగులుతో, ఆ యిల్లాలు మొదట బస్సు మానును, పిమ్మట సంత మానును, తుదకు గడప దాటదు.

మొదటిసారి వచ్చినపుడు వైద్యుని జూపింపవలయును. గుండెజబ్బు, థైరాయిడు దోషము, రక్తహీనత గూడ నిట్లే కనబడవచ్చును. అవి లేవని తేలినపుడు ఏమియు లేదు పొమ్మనుట చికిత్స కాదు. అది బ్యాంకువారి ప్రకటన వంటిదే. నేర్పరియైన వైద్యుడు రోగిచేత బుద్ధిపూర్వకముగా మెట్లెక్కించి, వేగముగా నూపిరి తీయించి, గుండె దడదడలాడినను ప్రాణము పోదని యామె కన్నులయెదుటనే చూపును. నోట్లకట్టలు పేర్చినట్లన్నమాట. అవసరమైనచో మందులును గలవు. గుణము కనబడుటకు గొన్ని వారములు పట్టును. 14416 సంఖ్యకు టెలిఫోను చేసినచో, 2022లో ప్రభుత్వమువారు నెలకొల్పిన టెలీమానస్ సంస్థవారు తెలుగులోనే మాటలాడుదురు.

వైద్యుడు పరీక్షించి యిది బెదురే యని చెప్పినయెడల, మరల వచ్చినపుడు పదిమంది చుట్టుమూగి, విసనకఱ్ఱలు, నీళ్లచెంబులు, వాసనచూపు నుల్లిపాయలు తెచ్చి కేకలు వేయుట వలదు. ఒక్కరు ప్రక్కను గూర్చుండి, నెమ్మదిగా మాటలాడుచు, గడియారము చూచుచుండిన జాలును.