టైం తింటే గెలుస్తమా? కబడ్డీ కోర్టుల మన లెక్క ఎక్కడ తప్పుతున్నది

పోస్టు కొంచెం పెద్దగుంది, ఓపికతోటి చదవండి.

మొన్నటి టోర్నమెంటు ఫైనల్ గురించి మన గోదావరిఖని పిల్లల్లో ఇంకా కొట్లాట నడుస్తనే ఉన్నది. ఆరు నిమిషాలు మిగిలినయి. మనకు 24, అవతలోళ్లకు 19. కోర్టుల మనోళ్లు ఐదుగురు. అప్పుడే బయటి నుంచి మనమే అరిచినం: "రిస్కు వద్దు, టైం తినుర్రి!" మన రైడర్ బాక్ లైన్ దాటిండు, 30 సెకన్లు అటూ ఇటూ తిరిగిండు, ఉత్త చేతులతోటి వచ్చిండు. వాళ్లు వచ్చి ఒకర్ని కొట్టిండ్రు. మనం మళ్లీ ఉత్త కూత. వాళ్లు మళ్లీ ఒకర్ని కొట్టిండ్రు. మూడో కూత డూ ఆర్ డై. పోయినోడు దొరికిండు. మిగిలిన ఇద్దర్నీ వాళ్లు ఒక్క కూతల కొట్టేసరికి ఆలౌట్, దానికి ఇంకో రెండు పాయింట్లు. మూడు నిమిషాలల్ల 24-19 కాస్త 24-26 అయ్యింది. చివరికి రెండు పాయింట్లతోటి ఓడినం.

ఓడుడు కంటే ఎక్కువ నొప్పించింది పక్కన నిలబడ్డ ఒకాయన మాట. "వీళ్లకు బలం ఉన్నది, బుర్ర లేదు" అన్నడు. గూడేల నుంచి, తండాల నుంచి వచ్చిన పిల్లలకు ఈ మాట కొత్త కాదు. అందుకే ఆవేశం పక్కనపెట్టి అసలు లెక్క చూద్దాం.

టైం తినుడు తప్పా? కాదు. ఐదు నిమిషాలు అంటే 300 సెకన్లు. రెండు టీములూ పది పది సెకన్లకే కూత ముగిస్తే అవతలోళ్లకు 15 కూతలు దొరుకుతయి. మనం 30 సెకన్లు నిలబడి, వాళ్లు పదిల వచ్చినా వాళ్లకు ఏడెనిమిదే. అంటే వాళ్ల అవకాశాలు సగం తగ్గినట్టే. ఇది నిజమైన లాభమే.

కానీ కబడ్డీల ఒక మెలిక ఉన్నది. పాయింటు తెస్తేనే బయట కూసున్నోడు లోపలికి వస్తడు. ఉత్త కూత వేస్తే గడియారం తిరుగుతది గానీ మనిషి తిరిగి రాడు. ఏడుగురు ఉన్నప్పుడు టైం తింటే అవతలోళ్లు ఆ ఏడుగురినీ దాటాలె. ఐదుగురు, నలుగురు ఉన్నప్పుడు తింటే మనల్ని మనమే తిన్నట్టు. మనం బోర్డు మీది టైం చూసినం, కోర్టుల ఉన్న తలకాయలు లెక్కపెట్టలే. తప్పు అక్కడ జరిగింది.

అమెరికా ఫుట్‌బాల్‌లో కూడా ఇదే వాదన ఉన్నది. బంతి ఎక్కువసేపు ఎవరి దగ్గర ఉంటే వాళ్లదే గెలుపు అంటరు. 1991 జనవరి సూపర్ బౌల్‌ను ఉదాహరణ చూపిస్తరు. 60 నిమిషాల ఆటలో న్యూయార్క్ జెయింట్స్ 40 నిమిషాలకు పైగా బంతిని తమ దగ్గరే పెట్టుకున్నరు. బఫెలో బిల్స్ టీంల గట్టి ఆటగాళ్లు బయట కూసొని చూసుడే అయ్యింది. జెయింట్స్ 20-19తో గెలిచిండ్రు. కానీ ఇంకొంచెం దగ్గరికి పోయి చూడాలె. మూడో క్వార్టర్‌ల వాళ్లు తొమ్మిది నిమిషాలకు పైగా నడిపిన ఆట టచ్‌డౌన్‌తోటి ముగిసింది. ఉత్తగ టైం తినలే, అడుగు అడుగు ముందుకు పోతుంటే టైం దానంతటదే పోయింది. అంత చేసినా ఆఖరి సెకన్లల్ల బిల్స్ కిక్ కొంచెం పక్కకు పోయింది గనుక బతికిండ్రు. అది లోపల పడితే ఆ 40 నిమిషాల ముచ్చట ఎవ్వరూ చెప్పుకోకపోదురు.

ఇంకో దిక్కు చూడండి. 2018 వరల్డ్ కప్‌లో స్పెయిన్ రష్యా మీద వెయ్యికి పైగా పాసులు ఆడింది. స్కోరు 1-1, పెనాల్టీలల్ల ఇంటికి పోయింది. బంతి వాళ్లదే, గెలుపు రష్యాది.

మన బొగ్గుబాయి ఊళ్లె పుట్టినోళ్లకు ఇది వేరే చెప్పాల్నా? మస్టర్ పడితే హాజరు ఉన్నట్టు. షిఫ్టు మొత్తం లోపలే ఉన్నా టబ్బులు నిండకపోతే ఆ రోజు ఉత్పత్తి లేనట్టే. టైం మస్టర్ లాంటిది, పాయింటు బొగ్గు లాంటిది.

రూలు తెలుసుడు కూడా ఆటలో భాగమే. 2023 అక్టోబర్‌ల హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్ ఫైనల్‌ల ఇండియా, ఇరాన్ 28-28 మీద ఉన్నయి. ఆఖరి నిమిషాలల్ల పవన్ సెహ్రావత్ డూ ఆర్ డై కూతకు పోయిండు. ఎవర్నీ తాకకముందే బయటి గీత తొక్కిండు, ఆయన వెనక ఇరాన్ డిఫెండర్లు కూడా బయటికి పోయిండ్రు. ఏ రూలు వర్తిస్తదన్నదాని మీద ఆట గంటసేపు ఆగింది. చివరికి ఇండియా 33-29తో గెలిచింది. అంత పెద్ద వేదిక మీదనే రూలు దగ్గర ఆట ఆగితే, మన మండల పోటీలల్ల డూ ఆర్ డై ఉన్నదా లేదా అని మనం ముందే అడగకపోతే ఎట్ల?

మా అభిప్రాయం సాఫ్‌గ చెప్తున్నం. కోర్టుల ఆరుగురికి తక్కువ ఉంటే టైం తినుడు బంద్, ముందు ఒక పాయింటు తెచ్చి మనిషిని లోపలికి తెచ్చుకోవాలె. ఆరుగురో ఏడుగురో ఉండి, ఆఖరి రెండు మూడు నిమిషాలైతే తినండి. మూడో కూత ఎవరు పోవాలెనో మొదటి ఉత్త కూతకు ముందే అనుకోవాలె. ప్రాక్టీస్‌ల వారానికి ఒక రోజు ఉత్త ఆఖరి మూడు నిమిషాలే ఆడాలె: ఒకసారి మూడు పాయింట్లు ముందుండి, ఒకసారి మూడు వెనకుండి. బయట కూసున్నోళ్లల్ల ఒకరు నోట్‌బుక్ పట్టుకోవాలె. టైం, స్కోరు, కోర్టుల ఎంతమంది, ఈ మూడే రాయాలె. "టైం తినుర్రి" అని అరిచే ముందు ఆ నోట్‌బుక్ చూడాలె.

ఆ రోజు మూడో కూతకు పోయి దొరికిన తమ్ముడు మూడు రోజులు అన్నం సక్కగ తినలేదు. తమ్మీ, తప్పు నీది కాదు. బయట నుంచి అరిచింది మేము. బుర్ర లేదన్నోళ్లకు మాటతోటి జవాబు వద్దు, వచ్చేసారి లెక్కతోటి చెప్దాం.

మీ ఊళ్లె, మీ హాస్టల్‌ల ఆఖరి ఐదు నిమిషాలు ఎట్ల ఆడుతరో కింద రాయండి. మా లెక్కల తప్పుంటే అది కూడా రాయండి.