మైత్రీవనం కరపత్రంలో మా కొండ

హైదరాబాద్ అమీర్‌పేటలో మెట్రో దిగి మైత్రీవనం వైపు నాలుగడుగులు వేస్తే చేతినిండా కరపత్రాలు పడతాయి. జావా, పైథాన్, గ్రూప్స్, డీఎస్సీ. పోయిన కార్తీకంలో మేం ముగ్గురు టీచర్లం, పాడేరు వైపు వాళ్లం, అక్కడ కోచింగ్ తీసుకుంటున్న మా పాత విద్యార్థుల్ని చూద్దామని వెళ్లాం. చేతిలో పడిన కాగితాల్లో ఒకటి కోచింగ్‌ది కాదు. దాని మీద మబ్బుల సముద్రం, మధ్యలో తేలుతున్న కొండ. శుక్రవారం రాత్రి ఇక్కడే బస్సు ఎక్కిస్తారట, సోమవారం తెల్లారేసరికి ఇక్కడే దింపుతారట. అరకు, వంజంగి, లంబసింగి. టెంటు, చలిమంట, బొంగులో చికెన్, థింసా అన్నీ ఆ డబ్బుల్లోనే.

ఆ కొండ మాది. అమ్ముతున్న మనిషి దాన్ని ఎప్పుడైనా ఎక్కాడో లేదో మాకు తెలియదు.

హాస్టల్లో మా పిల్లవాడు చెప్పిన మాట ఇంకా నవ్వొచ్చేది, ఏడుపొచ్చేది కూడా. "సార్, నాది ఏ ఊరని ఇక్కడ ఎవరూ అడగలేదు. వంజంగి పక్కనే అని తెలిశాక మాత్రం గదిలో ఆరుగురూ నా చుట్టూ చేరారు. టెంట్ ఎంత, సిగ్నల్ ఉంటుందా, మందు దొరుకుతుందా అని." ఆ ఆరుగురూ మంచి పిల్లలే. వాళ్ల మీద మాకు కోపం లేదు. వాళ్లకి కొండ అంటే ఆ కాగితంలో ఉన్నదే. దాని కింద ఊరుందని, ఊరికి ఊటనీరుందని, ఆ ఊటకి ఒక లెక్క ఉందని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది మనమే. ఈ వ్యాసం వాళ్ల కోసం కాదు, మన కోసం.

మన కొండ గట్టిదని అందరూ అనుకుంటారు. కాదు. తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే రాయికి భూగర్భ శాస్త్రవేత్తలు ఖోండలైట్ అని పేరు పెట్టారు. మన కోందుల పేరే అది. ఆ రాయి ఎండకీ వానకీ త్వరగా పొడిబారి మట్టవుతుంది. ఆ మట్టిని పట్టుకుని ఉండేది చెట్టు వేరు, గడ్డి వేరు. వాటిని తీసేస్తే వాన మట్టిని కిందికి తోసుకుపోతుంది. అందుకే వానాకాలంలో కొత్తవలస–కిరండూల్ లైను మీద బండలు జారిపడి రైళ్లు ఆగిపోతుంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కాఫీ తోటల నీడకి వేసిన సిల్వర్ ఓక్ చెట్లు ఎలా పడిపోయాయో మనలో పెద్దవాళ్లందరూ చూశారు. ఇలాంటి నేల మీద తెల్లవారుజామున నాలుగింటికి వందల బళ్లు వరసకట్టి ఎక్కుతున్నాయి. దారి ఇరుకైతే పక్కకి తవ్వుతున్నారు. టెంటు వేయడానికి వాలుని చెక్కి చదును చేస్తున్నారు. సీజను అయ్యేసరికి కొండ నెత్తిన గడ్డి అరిగిపోయి ఎర్రమట్టి బయటపడుతోంది. తొలి వానకి ఆ మట్టి, దానితో పాటు బిస్కట్ కవర్లు, నీళ్ల సీసాలు, బీరు సీసాల ముక్కలు గెడ్డలోకి దిగుతాయి. గెడ్డ దగ్గర కాలు కోసుకున్న పిల్లలకి కట్టు కట్టింది మేమే.

ఆ గెడ్డలు మన ఊళ్లతో ఆగవు. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ బొర్రా మీదుగా దిగి తాటిపూడి రిజర్వాయరు చేరుతుంది. ఆ నీళ్లు విశాఖపట్నం తాగుతుంది. మన చెత్తని మనం చూసుకుంటాంలే అని కింద ఉన్నవాళ్లు అనుకోవడానికి లేదు.

టీచర్లుగా మాకు కనపడేది ఇంకొకటుంది. నవంబరు నుంచి జనవరి దాకా శని, సోమవారాల్లో హాజరు పడిపోతుంది. శనివారం పిల్లలు టీ ఫ్లాస్కులు మోస్తూ, మొక్కజొన్న పొత్తులు కాలుస్తూ కొండ మీద ఉంటారు. సోమవారం నిద్రలో ఉంటారు. వలిసెలు పూసినప్పుడైతే అడగక్కర్లేదు. నూనె గింజల పంట అది, పచ్చగా చేను నిండిపోతుంది. ఫొటో దిగడానికి వచ్చినవాళ్లు చేను తొక్కేస్తుంటే రైతులు తాడు కట్టి మనిషికి పదో ఇరవయ్యో తీసుకోవడం మొదలుపెట్టారు. దాన్ని కొందరు దోపిడీ అంటున్నారు! పంట తొక్కడం దోపిడీ కాదట, ఇరవై రూపాయలు అడగడం దోపిడీ అట. ఇటుకల పండగకి దారికి అడ్డంగా కర్రపెట్టి పజోరు అడగడం మన ఆడవాళ్లకి పాత అలవాటే. మన దారిన వచ్చినవాడు మన పండగలో ఎంతో కొంత పాలుపంచుకోవాలి. అది మర్యాద. ఆ మర్యాద తెలియని రద్దీ ఇది.

థింసా సంగతి కూడా అంతే. పెళ్లికి, పండగకి, కోతలయ్యాక ఆడే ఆట అది. ఇప్పుడు భోజనానికీ చలిమంటకీ మధ్య అరగంట ఆడిస్తున్నారు. అక్కచెల్లెళ్లకి నాలుగు డబ్బులు వస్తున్నాయి, కాదనం. కానీ తాగి మధ్యలో దూరి భుజం మీద చెయ్యేసే వాడిని ఆపే పెద్ద ఆ రిసార్టులో ఎవరూ ఉండరు. ఊళ్లో అయితే ఉంటారు.

ఇక రోడ్డు. వ్యూ పాయింటుకి రోడ్డు పడుతుంది. పక్క కొండ మీద గూడెం నుంచి నెలలు నిండిన ఆడపిల్లని ఇంకా డోలీ కట్టి మోసుకొస్తున్నాం. రోడ్డు ఎవరికోసం పడుతుందో అక్కడే తెలిసిపోతుంది. వచ్చేవాళ్లకి కూడా ఈ రద్దీ భద్రం కాదు. 2021 ఫిబ్రవరి 12న అరకు చూసి తిరిగి వెళ్తున్న ఒక హైదరాబాద్ కుటుంబం బస్సు అనంతగిరి దగ్గర దముకు మలుపులో లోయలో పడింది. నలుగురు చనిపోయారు, అందులో పసిబిడ్డ కూడా ఉంది. రాత్రిపూట ఘాట్ రోడ్డు తెలియని డ్రైవర్లతో వారాంతపు బస్సులు ఇంకా ఎక్కుతూనే ఉన్నాయి.

ఇదంతా చెబితే ఒక ప్రశ్న వస్తుంది: మరి మనవాళ్లకి పని వద్దా? జీవో 3 ఉన్నంతకాలం ఏజెన్సీ బడుల్లో టీచరు ఉద్యోగాలు మన పిల్లలకే వచ్చేవి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత డీఈడీ చదివిన మన పిల్లలు ఏం చేయాలి? కొందరు మైత్రీవనం సందుల్లో అద్దె మంచం మీద పడుకుని చదువుతున్నారు. కొందరు కొండ మీద టెంట్లు వేస్తున్నారు. టెంటు వేసినవాడిని మేం తిట్టం. కానీ వాడు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. టెంటుకి కట్టిన డబ్బులో తన చేతికి ఎంత వస్తోంది, మైత్రీవనంలో కరపత్రం పంచినవాడి దగ్గర ఎంత ఆగిపోతోంది?

అసలు దెబ్బ అక్కడ కూడా కాదు, భూమి దగ్గర ఉంది. 2025 జనవరి చివర్లో విశాఖలో పర్యాటక పెట్టుబడిదారుల సమావేశం జరిగింది. అక్కడ అసెంబ్లీ స్పీకర్ అయ్యన్నపాత్రుడు గారు ఏజెన్సీలో పర్యాటకం పెరగాలంటే 1/70 చట్టాన్ని సవరించాలనే అర్థంలో మాట్లాడారు. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో మన్యం బంద్ అయింది. బళ్లు ఆగాయి, దుకాణాలు మూతపడ్డాయి. చట్టాన్ని మార్చబోమని ముఖ్యమంత్రి ప్రకటించాల్సి వచ్చింది. గెలిచాం అనుకుని ఇంటికి వెళ్లిపోయాం.

కాగితం మీద గెలిచాం. నేల మీద? 1/70 ప్రకారం అమ్మకమే కాదు, లీజు, తనఖా, బహుమతి ఏ రూపంలో అయినా షెడ్యూల్డు ఏరియా భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. మరి రోడ్డు పక్కన లేస్తున్న కాటేజీలు ఎవరివి? బోర్డు మీద పేరు మనవాడిది. పెట్టుబడి, లాభం, నిర్ణయం కింద నుంచి వచ్చినవాడివి. నెలకి కొంత తీసుకుని పేరు అరువిచ్చినవాడు మన చుట్టమే, కొన్నిచోట్ల మన సర్కారు జీతం తీసుకునేవాడే. టీచర్లు కూడా ఉన్నారు. ఈ పుస్తకం చదివేవాళ్లలో కూడా ఉండొచ్చు. ప్రభుత్వాన్ని తిట్టడానికి మనకి బంద్ ఉంది. బినామీగా నిలబడిన మన బావమరిదిని అడగడానికి మనకి నోరు రావడం లేదు.

1997లో సమతా కేసు తీర్పు వచ్చింది. ఆ కేసు పుట్టింది ఎక్కడో కాదు, మన బొర్రా, అనంతగిరి గనుల లీజుల మీద. షెడ్యూల్డు ఏరియాలో ప్రభుత్వం కూడా గిరిజనేతర 'వ్యక్తి' కిందికే వస్తుందని, ప్రైవేటు కంపెనీలకి లీజు ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు అంది. తవ్వకం జరిగినచోట నికర లాభంలో కనీసం 20 శాతం గిరిజనుల అవసరాలకి నిధిగా పెట్టాలని కూడా అంది. గనికి ఆ లెక్క ఉన్నప్పుడు, కొండ అందాన్ని అమ్ముకునే వ్యాపారానికి ఏ లెక్కా లేదేం? గని ఒకేసారి కొండని తింటుంది. ఇది వారం వారం తింటుంది.

పర్యాటకుల సంఖ్యకి హద్దు పెట్టమంటే అభివృద్ధికి అడ్డమని అంటారు. ఊటీ అభివృద్ధి చెందలేదా? మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీ, కొడైకెనాల్ వెళ్లే బళ్లకి ఈ–పాస్ తప్పనిసరి అయింది. 2025 ఏప్రిల్ నుంచి ఊటీకి మామూలు రోజున 6,000, వారాంతంలో 8,000 బళ్లని హద్దు కూడా పెట్టారు. అంత పెద్ద పట్నానికి హద్దు ఉండొచ్చు, వంజంగి లాంటి ఒక్క కొండ నెత్తికి ఉండకూడదా?

తేడా ఏమిటంటే అక్కడ కోర్టు పెట్టింది, ఇక్కడ మనం పెట్టుకోగలం. పెసా చట్టం 1996లోనే వచ్చింది. ఊరి ఉమ్మడి వనరుల్ని, ఆచారాల్ని కాపాడుకునే శక్తి గ్రామసభదని అది ఒప్పుకుంది. అడవిని, నీటి వనరుల్ని, వాటి పరీవాహక ప్రాంతాన్ని కాపాడే అధికారం 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షను గ్రామసభకి ఇచ్చింది. 2013లో సరిహద్దు అవతల నియమగిరిలో మన బంధువులు డోంగ్రియా కోందులు 12 గ్రామసభలు పెట్టి అంత పెద్ద గనుల కంపెనీకి వద్దని చెప్పారు. టెంటు కాంట్రాక్టరు అంతకంటే పెద్దవాడేం కాదు కదా.

ఈ సెక్షన్లు మైత్రీవనంలో గ్రూప్స్ పుస్తకాల్లో ఉన్నాయి. మా పిల్లవాడు బట్టీపట్టాడు, అడిగితే సంవత్సరాలతో సహా చెప్పాడు. "మరి మీ ఊరి గ్రామసభ ఆఖరిసారి ఎప్పుడు జరిగిందిరా?" అని అడిగితే తల దించుకున్నాడు. మేమూ దించుకున్నాం, ఎందుకంటే ఆ సభల రిజిస్టర్లు తరచు సంతకాలకి బడికే వస్తాయి. జరగని సభకి జరిగినట్టు మనం కూడా సంతకం పెట్టాం.

ఆ రాత్రి హాస్టల్లో కూర్చుని వాడితోనే తీర్మానం రాయించాం. రోజుకి ఇన్ని బళ్లే. రాత్రి తొమ్మిది తర్వాత ఘాట్ ఎక్కకూడదు. కొండ నెత్తిన టెంటు, మంట, మందు లేవు. ప్లాస్టిక్ సీసా కింద గేటు దగ్గరే ఆగాలి. గేటు రుసుము గ్రామసభ ఖాతాలోకి రావాలి, లెక్క గోడ మీద రాయాలి. వారంలో రెండు రోజులు, వానాకాలమంతా కొండకి సెలవు. పదహారేళ్ల లోపు పిల్లలతో సీజను పని చేయించకూడదు. మన భూమిలో ఉన్న ప్రతి కాటేజీకి అసలు యజమాని ఎవరో సభ ముందు చెప్పాలి. ఈ ఆఖరి మాట రాసేటప్పుడు వాడు కలం ఆపాడు. "సార్, మా మావయ్య పేరు కూడా వస్తుంది" అన్నాడు. రాయమన్నాం. రాశాడు.

వాడు సంక్రాంతికి ఊరికి వచ్చాడు. సభకి తొంభై మంది కూర్చున్నారు, మావయ్య రాలేదు. తీర్మానం కాపీ ఐటీడీఏకి ఇచ్చి రసీదు తీసుకున్నాం. ఇంకా జవాబు రాలేదు. పక్క పంచాయతీ వాళ్లు కాపీ అడిగితే ఇచ్చాం. మీ ఊళ్లో వలిసెలు విత్తేలోగా సభ పెట్టగలిగితే మాకు కబురు పంపండి, రాసిన కాగితం పట్టుకుని మేమే వస్తాం.