సామాను పోయినా కరెంటు పోలేదు

ఇంట్లో అక్కరలేని సామాను వదిలించుకోవడం అంత కష్టమైన పనేమీ కాదు. పాతసామాన్లవాడు వీధిలో కేక వేస్తే చాలు, పది నిమిషాల్లో బేరం తెగుతుంది. దాని తాలూకు తీగె మాత్రం గోడకే ఉండిపోతుంది. మీ హాల్లో ఓసారి చూడండి. టెలిఫోను పోయి పదేళ్లయి ఉంటుంది. తీగె కిటికీ పక్కన ఇంకా వేలాడుతూనే ఉంటుంది. మేడమీద ఏంటెన్నా ఏనాడో పోయింది. దాని తీగెమీద ఇల్లాలు చేతిగుడ్డలు ఆరవేస్తుంది. వీటివల్ల ప్రమాదం లేదు. వాటిలో ఇప్పుడు ఏ శక్తీ లేదు గనక, ఉన్నా లేకున్నా ఒకటే.

సామాను పోయినా శక్తి మాత్రం పోకుండా కూర్చునే చోటు ఒకటుంది. అది మోటారు కారు. ఈ వారం దాన్ని గురించి నాలుగు మాటలు. "తెలుగు పాఠం చెప్పుకునేవాడికి కారు తీగెల గొడవ దేనికయ్యా?" అని మీరు అడగవచ్చు. అడగడం న్యాయమే. కొంచెం ఓపిక పట్టండి, సంబంధం ఉంది.

కారు బానెట్ ఎత్తితే పొట్లపాదులాంటి తీగెల కట్ట ఒకటి కనిపిస్తుంది. మన మెకానిక్కులు దాన్ని వైరింగు అంటారు. అది బాటరీ దగ్గర మొదలవుతుంది. ఇంజను పక్కనుంచి పాకి, ఇనపగోడకున్న కన్నంలోంచి లోపలికి దూరి, మీటర్ల వెనక చిక్కుపడి, అక్కణ్ణుంచి వెనకదీపాల దాకా పోతుంది. ఇంట్లో దీపానికి కరెంటు తెచ్చే తీగె ఒకటి, తీసుకుపోయే తీగె ఒకటి ఉంటాయి గదా! కారులో చాలావాటికి తెచ్చే తీగె ఒక్కటే. తిరిగిపోయే దారి కారు ఇనపఒళ్లే. దీన్నే ఎర్తు అంటారు. ఈ ఏర్పాటువల్ల సగం తీగె ఆదా అయిన మాట నిజమే. కాని ఏ తీగెకు ఎక్కడ పైతొడుగు చిరిగినా, షార్టు కావడానికి పక్కనే ఇనుము సిద్ధంగా ఉంటుంది.

మా ఇంట్లో 1972 నాటి అంబాసిడర్ ఉంది. బ్రిటిషువారి మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో రకాన్ని ఆధారం చేసుకుని, కలకత్తా దగ్గరి ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్‌వారు 1950ల చివరినుంచి 2014 దాకా తయారుచేసిన బండి అది. మా నాన్నగారు సెకండుహాండులో కొన్నారు. ఆయన పోయాక అమ్మడానికి ఎవరికీ మనసొప్పలేదు. పండక్కీ పెళ్లికీ బయటికి తీస్తూ ఉంటాం.

ఆ కాలపు బండ్లలో బాటరీకి కరెంటు నింపడానికి డైనమో ఉండేది. బ్రిటిషు పద్ధతి డైనమో ఇచ్చేది మహా అయితే ఇరవై చిల్లర ఆంపియర్లు. ఇంజను నెమ్మదిగా తిరుగుతుంటే అదీ లేదు. దానికి తోడుగా కటౌటూ రెగ్యులేటరూ ఉన్న నల్లపెట్టె ఒకటి వేరే ఉండేది. బాటరీలోని కరెంటు డైనమోలోకి వెనక్కి పోకుండా చూడటం, అవసరానికి మించి నింపకుండా చూడటం దాని పని. తరవాత ఆల్టర్నేటరు వచ్చింది. ఇంజను మెల్లగా తిరుగుతున్నా సరే, ఇది బాగానే కరెంటు ఇస్తుంది. ఇచ్చేది ముప్పై అయిదు ఆంపియర్లు, అంతకు మించి కూడాను. కొత్తరకం వాటిలో రెగ్యులేటరు లోపలే ఉంటుంది. కనక పాతబండికి ఆల్టర్నేటరు పెడితే డైనమో పోతుంది, నల్లపెట్టె పోతుంది. మా బండికీ ఒక షాపులో ఆ మార్పు జరిగింది. పెట్టె విప్పి మా చేతికి ఇచ్చారు కూడా.

రెండేళ్లు ఏ చీకూ చింతా లేకుండా గడిచాయి. కిందటి వేసవిలో కోదాడలో పెళ్లి చూసుకుని రాత్రి పదింటికి సూర్యాపేట వస్తున్నాం. బండిలో అయిదుగురం. మునగాల దాటాక మా ఆవిడ, "ఏదో కాలుతున్న వాసన వస్తోందండీ" అంది. ఆమాట పూర్తయ్యిందో లేదో ముందు దీపాలు రెండూ ఒక్కసారే ఆరిపోయాయి. హైదరాబాదు-విజయవాడ హైవే అంటే మీకు తెలుసు. రాత్రిపూట వెనకనుంచి వచ్చే లారీలకూ బస్సులకూ లెక్క ఉండదు. మా అబ్బాయి బండిని రోడ్డు దింపి ఆపాడు. బానెట్ ఎత్తితే పొగ. బాటరీ ఎర్తు క్లాంపు ఊడలాగడానికి అరనిమిషం పట్టింది. ఆ అరనిమిషం మాకు ఒక యుగం. వెనక వచ్చిన లారీడ్రైవరు ఎవరో పుణ్యాత్ముడు, తన బండిని అడ్డంగా ఉంచి ఇండికేటర్లు వెలిగించి, పిల్లలంతా రోడ్డు దిగేదాకా కదలలేదు.

మర్నాడు బండిని తాడుకట్టి ఊళ్లోకి తెచ్చాం. మా పేటలో ముప్పై ఏళ్లుగా బండ్ల కరెంటుపని చేస్తున్న చాచా ఒకాయన ఉన్నాడు. ఆయన కాలిన కట్టను చాకుతో చీల్చి, లోపలినుంచి బొటనవేలంత లావు టేపుచుట్ట ఒకటి బయటికి లాగాడు. నల్లపెట్టెకు బాటరీనుంచి వచ్చే లావుతీగె చివర అది. పెట్టె తీసినవారు ఆ తీగెను తీయలేదు. చివర టేపు చుట్టి, కట్టలో దూర్చి వదిలేశారు. మన ఎండలకూ ఇంజను వేడికీ టేపు జిగురు ఎండిపోయి ఊడింది. రాగి బయటపడింది, ఇనుము తాకింది. ఆ తీగెకు ఫ్యూజు లేదు. అది ఎర్రగా కాగి, తనను ఆనుకుని ఉన్న దీపాల తీగెను కూడా కరిగించింది.

"సామాను దీసిండ్రు సార్, కరెంటును మాత్రం గట్లనే ఉంచిండ్రు" అన్నాడు చాచా.

"ఇంకా ఇలాంటివి ఎన్నున్నయ్ చాచా?" అన్నాను.

"మొత్తం ఇప్పితె గాని ఎరుక గాదు. మూడు దినాలు బండి మీద ఆశ ఇడువున్రి."

ఆ మూడు రోజులూ కాలేజీనుంచి తిన్నగా ఆయన షెడ్డుకే పోయాను. నాకు ఆ పనిలో మొట్టమొదట ఆకర్షణ కలిగించినవి రంగులు. బ్రిటిషు పద్ధతి వైరింగులో ప్రతి రంగుకూ ఒక అర్థం ఉంది. కాఫీరంగు తీగె అంటే బాటరీనుంచి సరాసరి వచ్చేది. ఫ్యూజు ఉండదు, తాళంచెవి తిప్పకపోయినా కరెంటు ఉంటుంది. తెలుపు తాళం తిప్పితే వచ్చేది. ఆకుపచ్చ తాళం తిప్పాక, ఫ్యూజు కూడా దాటి వచ్చేది. ఊదా ఫ్యూజు దాటివచ్చేదే గాని తాళంతో పనిలేనిది. నీలం ముందు దీపాలది. ఎరుపు పార్కింగు దీపాలదీ వెనకదీపాలదీ. నలుపు ఎర్తు. ఇంతేనా? ఒంటిరంగు మీద సన్నని చార కూడా ఉంటుంది. నీలం మీద తెల్లచార అయితే దూరపు వెలుగు, ఎర్రచార అయితే దించిన వెలుగు. ఆకుపచ్చ మీద ఎర్రచార ఎడమ ఇండికేటరు, తెల్లచార కుడి ఇండికేటరు. మాకు ధాతువూ ప్రత్యయమూ ఎలాగో, అక్కడ ఒంటిరంగూ చారా అలాగ. ధాతువు ఏ కుటుంబమో చెబుతుంది, ప్రత్యయం ఏ పనికో చెబుతుంది. చాచాకు వ్యాకరణం రాదనడానికి ఇక నాకు నోరు రాలేదు.

అక్కరలేని తీగె అంటే కత్తిరించి పారేయడమే గదా అనుకుంటాం. ఆయన పద్ధతి వేరు. ముందుగా బాటరీ ఎర్తు ఊడదీశాడు. ఆ పైన ఒక పాత కాలెండరు వెనక, ఏది ఎక్కడికి పోతున్నదో అంతా గీసుకున్నాడు. తీసేసిన సామాను చివరనుంచి బయలుదేరి, తీగెను వేలితో తడుముకుంటూ అది పుట్టిన చోటికి పోయాడు. మధ్యలో ఎక్కడా కత్తిరించలేదు. ఎందుకంటే, మధ్యలో కత్తిరిస్తే బాటరీవైపు ముక్కలో కరెంటు ఉండనే ఉంటుంది. ఒక చివరకు బదులు ఇంకో చివర. పుట్టినచోటనే విప్పితే గాని తీగె చచ్చినట్టు కాదు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఒక తీగె ఒక్క సామానుకే పోతుందని నమ్మకం లేదు. రేడియో పోయింది గదా అని దాని వెనకనున్న నల్లతీగె లాగేశామనుకోండి. అదే ఎర్తు అక్కణ్ణుంచి పెట్రోలు మీటరుకూ, దాని పక్క దీపాలకూ పోతూ ఉండవచ్చు. వాటికి తిరుగుదారి తెగిపోయి పిచ్చిపిచ్చిగా చూపిస్తాయి. లోపలి దీపం అక్కరలేదని ఊదాతీగె తీసేస్తే హారను మూగబోవచ్చు. రెండూ ఒకే ఫ్యూజుమీద బతికే బండ్లు చాలా ఉన్నాయి. అందుకని ఒక్కొక్క తీగె విప్పడం, బాటరీ తగిలించి అన్నీ పనిచేస్తున్నాయో లేదో చూడటం, మళ్లీ బాటరీ ఊడదీసి ఇంకోటి విప్పడం. మూడు రోజులు పట్టిందంటే పట్టదా మరి?

ఇక్కడ మా శాఖ సంగతి ఒకటి చెప్పక తప్పదు. మన అచ్చులోంచి అరసున్నను తీసేశాం. దానివల్ల చదువుకునేవారికి చాలా మేలే జరిగింది; కాదనను. కాని సంవత్సరం అనే అర్థంలో 'ఏఁడు'కు అరసున్న ఉండేది, అంకె 'ఏడు'కు ఉండేది కాదు. ఆ సున్న వట్టి అలంకారమైతే తీసేయగానే పని అయిపోయేది. కాని మా సూర్యాపేటలో ఎవరినైనా వయసు అడగండి, "యాభై ఏండ్లు" అంటారు. ఆ నకారం ఎక్కడిది? కనిపించని అరసున్నదే! సామాను తీశాం, అందులో ప్రాణం ఇంకా ఉంది. తీసేయవద్దని నేననడం లేదు. దేనికి తగులుకుని ఉందో తెలుసుకుని తీయమంటున్నాను, అంతే.

మళ్లీ బండి దగ్గరికి వద్దాం. డైనమో నాటి తీగెలూ, ఎప్పుడో తీసేసిన రేడియో తీగె, మంచుదీపాల తీగె, పాట పాడే హారను తీగె, ఎవరు దేనికి పెట్టారో ఎవరికీ తెలియనివి రెండూ, అన్నీ కలిపి చిన్న గంపెడు బయటపడ్డాయి. అయితే తీయడంతోనే సరిపోలేదు; కొన్ని చేర్చవలసి వచ్చాయి కూడా. డైనమో కాలపు తీగె ఆల్టర్నేటరు ఇచ్చే కరెంటుకు చాలదు గనక ఆ ఒక్కచోట లావుతీగె వేశాడు. ఆ కాలపు బ్రిటిషు పద్ధతి బండ్లలో చాలావాటికి రెండే ఫ్యూజులు. ముందు దీపాలకు ఫ్యూజే లేదు. వాటికి వేరే ఫ్యూజులూ రిలేలూ పెట్టాడు. ఇనపగోడ కన్నంలో రబ్బరుచుట్టు కొత్తది వేశాడు. అది లేకపోతే ఇనుము అంచు రోజూ కొంచెం కొంచెంగా తీగెను కోస్తూనే ఉంటుంది.

దీపాల మాట వచ్చింది గనక చిన్న లెక్క చెబుతాను. 60 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు లాగుతుంది. వెలుగు చాలడం లేదని 100 వాట్లది వేస్తే 8 ఆంపియర్లు దాటుతుంది. తీగె అదే. తీగెలో పుట్టే వేడి కరెంటు వర్గాన్నిబట్టి పెరుగుతుంది కనక దాదాపు మూడు రెట్లవుతుంది. ఇంకో లెక్క: వదిలేసిన తీగె చివర ఏ చిన్న పెట్టెయో మిగిలి, ఒక ఆంపియరులో ఇరవయ్యోవంతు మాత్రమే తాగుతున్నదనుకోండి. నెల తిరిగేసరికి 36 ఆంపియర్-గంటలు! చిన్నకార్ల బాటరీ మొత్తం ఇంచుమించు అంతే. "వాడకుండా పెట్టినా బాటరీ దిగిపోతోందేమిటి?" అని తల పట్టుకునేవారు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

కొత్తకార్లున్న పాఠకులకు ఒక హెచ్చరిక. ఇదంతా పాతబండ్ల కథ. ఇప్పటి బండ్లలో తీగెలు కిలోమీటరుకు మించి ఉంటాయి. రెండు తీగెలమీదనే పది పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఒకటి తీస్తే మిగతావి అలుగుతాయి. మామూలుగా పసుపుపచ్చ తొడుగుతో కనిపించేవి గాలిసంచీల తీగెలు. వాటి జోలికి పోనే పోకూడదు. చట్టం కూడా మరవకండి. రిజిస్ట్రేషను కాగితంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది.

మా అబ్బాయికి ఇక్కడే ఒక సందేహం వచ్చింది. 2021 జూలైలో కేంద్రప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం, రిజిస్ట్రేషనయి యాభై ఏళ్లు దాటిన కారును వింటేజి బండిగా నమోదు చేయించుకోవచ్చు; నంబరులో 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి. కాని చాసీ, పైడొక్కు, ఇంజను అసలురూపంలో ఉండాలి. పైగా అలా నమోదయిన బండిని రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. "మరి తాతయ్య బండి తీగెలు మార్చాం గదా నాన్నా, అసలుది పోయినట్టేనా?" అన్నాడు వాడు.

తీగెలు ఆ పట్టీలో లేవు లెండి. అయినా చాచాను అడిగాను. ఆయన నల్లపెట్టెనూ, దాని తీగెలనూ చిన్నకట్టగా చుట్టి, ఒక్కోదానికి కాగితం చీటీ కట్టి మాకు అప్పగించాడు. "మల్ల పెట్టాల్నంటె పెట్టొచ్చు. పెట్టకున్నా నష్టం లేదు" అన్నాడు. కాలెండరు వెనక గీసిన బొమ్మ మాత్రం మడిచి, డాష్‌బోర్డు అరలో పెట్టమన్నాడు. రేపు తాను లేకపోయినా, ఇంకెవరైనా బానెట్ ఎత్తితే వెతుక్కునే పని ఉండకూడదట.

మీ ఇంట్లో పాతబండి ఉంటే ఈ ఆదివారం మెకానిక్కును ఒక్క ప్రశ్న అడగండి: "తీసేసిన వాటి తీగెలు ఎక్కడిదాకా తీశావయ్యా?" "టేపు చుట్టాను సార్" అని జవాబు వస్తే మాత్రం, రాత్రి ప్రయాణం పెట్టుకోకండి.