ఏడో నెల కాన్పుకి ఓ తాళంచెవి

ఏటూరునాగారం నుంచి వరంగల్‌కి వంద కిలోమీటర్ల దాకా ఉంటుంది. తాడ్వాయి అడవి దాటాలి, ములుగు దాటాలి. వానాకాలంలో వాగులు పొంగితే ఆ వంద కిలోమీటర్లకి ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. 2023 జులైలో జంపన్నవాగు కొండాయి ఊరిని ముంచెత్తినప్పుడైతే అసలు దారే లేకుండా పోయింది. అలాంటి చోట ఓ గర్భిణికి ఏడో నెలలోనే నొప్పులొస్తే?

ఏఎన్‌ఎం చెయ్యగలిగిన పని ఒకటుంది. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ తల్లికి వేసి, ఆ తర్వాత బండెక్కించడం. 24 నుంచి 34 వారాల మధ్య కాన్పు వచ్చేలా ఉంటే, పెద్దాసుపత్రికి పంపేముందు మొదటి మోతాదు ఏఎన్‌ఎం ఇవ్వొచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో మార్గదర్శకాలిచ్చింది. మందు ఖరీదు కొద్ది రూపాయలే. ఆసుపత్రికి వెళ్లాక ఎలాగూ వేస్తారు కదా, ఇక్కడే ఎందుకూ అనిపించొచ్చు. కానీ ఈ మందు నొప్పి మాత్రలా అరగంటలో పనిచేసే రకం కాదు. బిడ్డ కణాల్లో జన్యువుల్ని మేల్కొలిపి, వాటిచేత పని చేయించాలి. అందుకు గంటలు కావాలి.

నెలలు నిండని బిడ్డకి పెద్ద గండం ఊపిరి. తడిసిన పాలిథిన్ సంచి గోడలు అతుక్కుపోతే విడదీయడం ఎంత కష్టమో తెలిసిందే. ఊపిరితిత్తుల్లోని గాలి గదులూ అంతే. అవి అతుక్కోకుండా సర్ఫాక్టంట్ అనే పదార్థం సబ్బునీటిలా లోపల పూతపూస్తుంది. మామూలుగా చివరి వారాల్లో బిడ్డ ఒంట్లో కార్టిసాల్ హార్మోను పెరిగి, ఈ పూతకి సన్నాహం జరుగుతుంది. ముందే పుట్టిన బిడ్డకి ఆ వ్యవధి దొరకదు. ఏడో నెల బిడ్డ బతుకుతాడు, ఎనిమిదో నెల బిడ్డ బతకడు అని పెద్దవాళ్లు అంటుంటారు గానీ అది వట్టి మాట. కడుపులో గడిచిన ప్రతి వారమూ లాభమే.

ఇంతకీ ఇంజెక్షన్ ఏం చేస్తుంది? తల్లి ఒంట్లోని కార్టిసాల్‌ని మాయ చాలావరకూ నిర్వీర్యం చేసేస్తుంది. డెక్సామెథసోన్ మాత్రం ఆ కాపలాని తప్పించుకుని బిడ్డ రక్తంలోకి చేరుతుంది. స్టెరాయిడ్‌కి కొవ్వులో కరిగే గుణం ఉంది కాబట్టి కణం పైపొరలోంచి తేలిగ్గా లోపలికి జారుతుంది. అక్కడ దానికోసమే అన్నట్టు ఓ రిసెప్టర్ కాచుక్కూర్చుని ఉంటుంది. అదో తాళంకప్ప అనుకుంటే స్టెరాయిడ్ తాళంచెవి. చెవి పడేదాకా కొన్ని కాపలా ప్రొటీన్లు ఆ రిసెప్టర్‌ని పట్టి ఉంచుతాయి. పడగానే దాని ఆకారం మారిపోతుంది. పట్టు సడలి, కణ కేంద్రకంలోకి ప్రయాణం కడుతుంది.

అసలు పని అక్కడే. జతలుగా కలిసిన రిసెప్టర్లు డీఎన్‌ఏలో 15 అక్షరాల ఓ ప్రత్యేక వరసని వెతికి పట్టుకుంటాయి. సహాయక ప్రొటీన్లని పిలుస్తాయి. అవి బిగుతుగా చుట్టి ఉన్న డీఎన్‌ఏని వదులుచేస్తాయి. అప్పుడు జన్యువుకి నకలు తయారవుతుంది, నకలు చూసి ప్రొటీన్ తయారవుతుంది, ఊపిరితిత్తి గాలికి సిద్ధమవుతుంది. అందుకే ఇన్ని గంటలు! ఈ రిసెప్టర్ లేకుండా పుట్టించిన ఎలుక పిల్లల్లో చాలావరకూ ఊపిరితిత్తులు విచ్చుకోక, పుట్టిన కాసేపటికే చనిపోయాయని 1995లో జర్మనీ శాస్త్రవేత్తలు చూపించారు.

ఈ రిసెప్టర్ ఒంట్లో దాదాపు అన్ని కణాల్లోనూ ఉంటుంది. ఏ కణంలో డీఎన్‌ఏ ఎక్కడ తెరుచుకుని ఉందన్నదాన్ని బట్టి పని మారుతుంది. కొన్ని జన్యువుల్ని మేల్కొలపడమే కాదు, వాపు పుట్టించే జన్యువుల్ని నిద్రపుచ్చుతుంది కూడా. 2020లో ఆక్సిజన్ మీదున్న కొవిడ్ రోగులకి ఇదే మందు అక్కరకొచ్చింది అలాగే. కాలేయంలో చక్కెర తయారీ జన్యువుల్ని లేపుతుంది కాబట్టి షుగరున్న తల్లిని కనిపెట్టుకుని ఉండాలి.

దీన్ని మొదట గుర్తించింది న్యూజిలాండ్ డాక్టరు గ్రాహం లిగ్గిన్స్. ఆయన వెతుకుతున్నది వేరు... కాన్పు నొప్పులు ఎలా మొదలవుతాయన్నది! గొర్రెలకి స్టెరాయిడ్ ఇచ్చి చూస్తే, బతకకూడనంత ముందు పుట్టిన పిల్ల ఊపిరి పీలుస్తోంది. 1969లో ఆ సంగతి ప్రకటించి, 1972లో రాస్ హోవీతో కలిసి 282 మంది తల్లుల మీద చేసిన పరీక్ష ఫలితాలు వెల్లడించారు. అయినా అమెరికా వైద్యులు దీన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకోవడానికి 1994 దాకా పట్టింది. ఆలస్యానికి మూల్యం చెల్లించింది పసికందులే.

అలాగని కనిపించిన గర్భిణికల్లా వేసే మందు కాదిది. మన దేశం సహా ఆరు దేశాల పల్లెల్లో దీని వాడకాన్ని విస్తరించి చూస్తే, తక్కువ బరువు పిల్లల్లో మరణాలు తగ్గలేదు, మొత్తమ్మీద శిశుమరణాలు కాస్త పెరిగాయి కూడా. 2015లో వచ్చిన ఫలితమిది. నెలలు నిండిన బిడ్డల తల్లులు చాలామందికి కూడా మందు పడింది. 2020లో మన దేశంతో కలిపి అయిదు దేశాల ఆసుపత్రుల్లో, వారాలు స్కానింగ్‌తో లెక్కగట్టి, పసికందులకి వైద్యం అందేచోట ఇస్తే కథ తిరగబడింది. అక్కడ ప్రతి 25 మంది తల్లులకి ఇస్తే ఒక బిడ్డ అదనంగా దక్కింది.

కాబట్టి గూడెంలో సూది ఒక్కటే ఉంటే చాలదు. ఎన్నో వారమో తేలాలి. తల్లికి ఇన్ఫెక్షన్ ఉండకూడదు. దారి చివర పసిపిల్లల వార్డు ఉండాలి. కడుపు చూసి నెలలు చెప్పడం కంటే, చివరి నెలసరి తేదీ తల్లీబిడ్డల కార్డు మీద రాసి ఉండటం, తొలి నెలల్లోనే స్కానింగ్ అయి ఉండటం ఎంతో మేలు. మొత్తం నాలుగు మోతాదులు... 6 మిల్లీగ్రాముల చొప్పున, పన్నెండేసి గంటలకొకటి. మొదటిది ఎన్నింటికి వేశారో చీటీ మీద రాసి పంపితే, వరంగల్‌లో నర్సు రెండోది ఎప్పుడెయ్యాలో అడక్కుండానే తెలుసుకుంటుంది.